పాతబస్తీలో విద్యార్థుల షూటింగ్

1591లో కట్టిన చార్మినార్ భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ సినిమా తీయాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. వీధుల్లో తీయడానికి పోలీసుల అనుమతి వేరు. కాగితాలు చేతికొచ్చాక అసలు తలనొప్పి జనమే. లాడ్‌బజార్‌లో ట్రైపాడ్ నిలబెడితే చాలు, గాజుల బేరం ఆపి మరీ లెన్స్‌లోకి చూస్తారు. ఆ చూపు పడిందంటే షాట్ పోయినట్టే. అందుకే దుకాణాలు తెరవకముందే పని మొదలుపెట్టడమో, మేడ మీది నుంచి లాంగ్ లెన్స్‌తో తీయడమో మంచిది. శబ్దం ఇంకో చిక్కు. సంభాషణ మధ్యలో మక్కా మసీదు అజాన్ మొదలైతే ఎడిటింగ్‌లో ముక్కలు అతకవు; ముగిసేదాకా ఆగడమే మేలు, మర్యాద కూడా. వీధి సందడిని విడిగా ఒక నిమిషం రికార్డు చేసుకుంటే అతుకులు వినపడవు. శుక్రవారం మధ్యాహ్నాలు, రంజాన్ రాత్రులు షెడ్యూల్‌లో పెట్టుకోకూడదు, ఆ జనమే కథ అయితే తప్ప.