పేలుడుకు తట్టుకున్న ఇత్తడి గుర్రపుశాలలో పగిలింది

బ్రిటిష్ హయాంలో మన దేశంలో వానాకాలమంటే సైన్యానికి ఒక రకంగా సెలవుకాలం. బాటలు బురదమయమై దండు కదలదు. అప్పటిదాకా వాడకంలో ఉన్న తూటాల పెట్టెలను వానలు తగ్గేవరకు గుర్రపుశాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిశాక పెట్టెలు తెరిచి చూస్తే కొన్ని తూటాల ఇత్తడి కేసులు మెడ దగ్గర నిలువునా చీలి కనిపించేవి. వాటిని ఎవరూ పేల్చలేదు, కింద పడేయలేదు, దేనితోనూ కొట్టలేదు. పెట్టినవి పెట్టినట్టే ఉండి పగిలాయి. తుపాకీలో పేలుడుకు తట్టుకోవాల్సిన లోహం ఊరికే కూర్చుని ఎందుకు చీలిందన్న ప్రశ్నకు 1921 దాకా సరైన జవాబు దొరకలేదు.

ముందు ఈ కేసు చేసే పనేమిటో చూద్దాం. తూటా అనగానే మనకు గుర్తొచ్చేది ముందుకు దూసుకుపోయే గుండు. వెనక మిగిలిపోయేది ఇత్తడి కేసు. దాని అడుగున నిప్పు రాజేసే క్యాప్, పొట్టలో మందు, నోట్లో గుండు ఉంటాయి. మందు అంటుకున్నప్పుడు లోపలి పీడనం, నేటి రైఫిళ్లలో, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి మూడున్నర వేల నుంచి నాలుగు వేల రెట్ల దాకా పోతుంది. ఆ క్షణంలో కేసు ఉబ్బి, తుపాకీలో తాను కూర్చునే చాంబర్ గోడకు అతుక్కుపోతుంది. దాంతో వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆగుతుంది. సెకనులో వెయ్యో వంతు గడిచేసరికి గుండు గొట్టం దాటుతుంది, పీడనం పడిపోతుంది, కేసు మళ్లీ కాస్త ముడుచుకుని గోడను వదులుతుంది. ముడుచుకోకపోతే తుపాకీలోనే ఇరుక్కుంటుంది. ఇత్తడి ఇక్కడే ఉక్కును మించింది. బలం ఒకటే అయినా ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగి, వదలగానే అంతా వెనక్కి వస్తుంది.

ఇందుకు వాడే ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. ఇత్తడి రకాల్లో పగలకుండా లోతుగా సాగదీయడానికి ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం. గుండ్రటి బిళ్లను ముందు గిన్నెలా వంచుతారు, ఆ గిన్నెను అచ్చుల్లోంచి మళ్లీ మళ్లీ లాగి పొడుగాటి గొట్టం చేస్తారు. లాగిన ప్రతిసారీ లోహం గట్టిపడుతుంది. రాగి తీగను ఒకేచోట పదిసార్లు ఇటూ అటూ వంచి చూడండి, మొదట మెత్తగా వంగిన తీగ క్రమంగా మొండికేసి చివరికి విరుగుతుంది. లోపల స్ఫటికాల వరుసల్లో పుట్టే లోపాలు ఒకదానికొకటి అడ్డుపడి, పొరలు జారడానికి సందు లేకుండా చేయడమే దీనికి కారణం. పెంబర్తి కంచరి పనివాళ్లకు ఈ సంగతి పాఠం చెప్పక్కర్లేదు. రేకును కొంతసేపు కొట్టాక ఎర్రగా కాచి, మెత్తబడ్డాక మళ్లీ సుత్తి ఎత్తుతారు. తూటా ఫ్యాక్టరీలోనూ రెండు లాగుళ్ల మధ్య ఇదే పని.

చిక్కు చివరి దశలో వస్తుంది. గుండును నోట్లో కూర్చి, జారిపోకుండా మెడను నొక్కి బిగిస్తారు. ఆ తర్వాత కాచడం ఉండదు, లోపల మందు ఉంది కదా! ఆ బిగింపు లోహంలోనే ఉండిపోతుంది. నులక మంచం తలచుకోండి. దాని మీద ఎవరూ కూర్చోకపోయినా నులక బిగుతుగానే ఉంటుంది. ఆ లాగుడును పట్టెలు భరిస్తుంటాయి కాబట్టి బయటికి అంతా ప్రశాంతం. ఇత్తడి కేసులోనూ పైపొర సాగుడులో, లోపలి పొర నొక్కుడులో ఉండి ఒకదాన్నొకటి ఆపుకుంటూ ఉంటాయి. కొలిచే పనిముట్టు లేకుండా దీన్ని కంటితో కనిపెట్టలేం.

గుర్రపుశాలలో దీనికి తోడు దొరికింది. గుర్రం మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది. పశువుల కొట్టంలోకి పొద్దున్నే వెళితే ముక్కుకు తగిలే ఘాటు అదే. వానాకాలపు తేమలో ఇత్తడి మీద కంటికి కనిపించనంత పల్చటి నీటిపొర ఏర్పడుతుంది. అమ్మోనియా ఆ నీటిలో కరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ తోడైతే అది రాగిని పట్టుకుని నీలిరంగు సమ్మేళనంగా మార్చి కరిగించుకుంటుంది. బిగింపు లేని ఇత్తడి మీద ఇది జరిగితే పైపైన మరక పడి ఆగిపోతుంది. బిగింపు ఉన్నచోట మాత్రం, స్ఫటికాల హద్దుల దగ్గర చిన్న గీత పడగానే లాగుడంతా ఆ గీత కొస మీదే కేంద్రీకృతమై దాన్ని తెరుస్తుంది. కొత్త లోహం బయటపడుతుంది, అమ్మోనియా దాన్ని తింటుంది, గీత ఇంకాస్త లోతుకు పోతుంది. రసాయనం ఒక్కటే ఉన్నా, బిగింపు ఒక్కటే ఉన్నా ఇత్తడి ఏళ్ల తరబడి నిలిచేది. రెండూ కలిశాయి కాబట్టే ఒక్క వానాకాలంలో చీలింది.

ఈ లెక్క తేల్చింది ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధ పరిశోధన విభాగానికి చెందిన మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్. వాళ్ల 1921 నాటి పరిశోధన పత్రం లోహశాస్త్రంలో ఇప్పటికీ చెప్పుకునే రచన. తూటాలను గుర్రపుశాలలకు దూరంగా ఉంచమనడం ఎవరైనా చెప్పగలిగే సలహా. అసలు విరుగుడు రెండోది. తయారైన ఖాళీ కేసును సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచితే గట్టిదనం పెద్దగా తగ్గకుండానే లోపలి బిగింపు చాలా మటుకు సడలిపోతుంది. ఇంతకన్నా ఎక్కువ కాస్తే బిగింపుతో పాటు బలమూ పోతుంది. మందు పోయకముందే మెడను ప్రత్యేకంగా కాచి మెత్తబరిచి ఉంచితే, తర్వాత గుండు బిగించినా అక్కడ మిగిలే లాగుడు తక్కువ. అమెరికా సైన్యపు 5.56 మిల్లీమీటర్ల తూటాల మెడ చుట్టూ ముదురు రంగు పట్టీ కనిపించేది ఇందుకే. మెరుగు పెట్టి చెరిపేయకుండా ఆ రంగును అలాగే వదిలేస్తారు, మెడ కాచారనడానికి అదే సాక్ష్యం. జింకును 15 పాళ్ల లోపుకు తగ్గించినా ఈ జబ్బు దాదాపు రాదు కానీ, అప్పుడు ఇత్తడి ధర పెరిగి బలం తగ్గుతుంది.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. అమెరికాలో లక్ష్యసాధన చేసేవాళ్లు చాలామంది పేల్చిన కేసులను ఏరుకుని, కొత్త క్యాప్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడతారు. వాళ్లలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉన్నవాళ్ల బాధ వేరు. మన పేపర్లలో తరచూ కనిపించే ఎస్‌ఎల్‌ఆర్ ఆ జాతిదే. బెల్జియం ఎఫ్‌ఎన్ సంస్థ రైఫిల్ ఆధారంగా ఇషాపూర్ ఫ్యాక్టరీ దాన్ని తయారు చేసింది. పేలిన వాయువులో కొంత భాగం పిస్టన్‌ను తోసి, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టును వెనక్కి నెడుతుంది. బోల్టుకున్న కొక్కెం కేసు అంచు పట్టుకుని లాగితే, కేసు పక్కనున్న కిటికీలోంచి బయటికి ఎగిరిపోతుంది. వాయువు అవసరానికి మించి వస్తే, చాంబర్ గోడను కేసు ఇంకా పూర్తిగా వదలకముందే కొక్కెం లాగుతుంది. అప్పుడు అంచు వంగుతుంది, కేసు తుపాకీ ఒంటికి తగిలి నోరు చొట్టబోతుంది. ఎస్‌ఎల్‌ఆర్ గొట్టం మీది వాయు నియంత్రకపు రింగును తిప్పి మిగులు వాయువును బయటికి వదిలే ఏర్పాటు ఉన్నది కొంతవరకు దీనికోసమే. జర్మనీ జీ3 రైఫిల్ చాంబర్‌లో నిలువు గాడులుంటాయి. వాయువు వాటిలోకి దూరి కేసును గోడకు అంటుకోకుండా కాపాడుతుంది, బదులుగా కేసు మీద నల్లటి చారలు మిగులుస్తుంది. చూడ్డానికి భయం వేస్తుంది కానీ అవి పెద్దగా చెరుపు చేయవు.

నిజానికి చొట్టల గురించి ఈ వ్యాపకం ఉన్నవాళ్లు పడే బెంగ ఎక్కువేనని నా ఉద్దేశం. కిటికీ అంచుకు రబ్బరు ముక్క అంటించడం, కేసులు నేల మీద పడకుండా వలసంచి తగిలించడం మంచిదే, కానీ నోటి చొట్ట అచ్చులో పెట్టి నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. చెరుపు చేసేది కనిపించనిది. ప్రతి పేలుడుకు మెడ ఉబ్బుతుంది, ప్రతిసారీ అచ్చు దాన్ని నొక్కుతుంది. వంచి వంచి విరిగిన రాగి తీగలాగే మెడ గట్టిపడి ఒకనాడు చీలుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఇది ఇంకా త్వరగా వస్తుంది. చేత్తో బోల్టు తోసే రైఫిల్‌లో కేసు కాస్త బిగుతుగా ఉన్నా బలం పెట్టి మూయవచ్చు. సెమీ ఆటోమేటిక్‌లో మూసేది స్ప్రింగు మాత్రమే, అందుకే కేసును ప్రతిసారీ పూర్తిగా నొక్కి సన్నం చేయాలి. కొన్నిసార్ల తర్వాత మెడను మళ్లీ కాచడమే విరుగుడు, పాతకాలపు ఫ్యాక్టరీ పద్ధతే. కాచేటప్పుడు అడుగు భాగం మాత్రం వేడెక్కకూడదు. పీడనాన్ని గట్టిగా మోయాల్సింది అదే. అది మెత్తబడితే ఆ కేసును పారేయడం తప్ప గత్యంతరం లేదు. శుభ్రం చేసేటప్పుడు అమ్మోనియా కలిసిన పాలిష్ ద్రవాలు వద్దనేదీ ఇందుకే. నిగనిగలాడించబోయి గుర్రపుశాలను ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది.

అసలు ప్రమాదం అడుగుకు కాస్త పైన ఉంటుంది. అచ్చులో కేసు భుజాన్ని, అంటే మెడ కింద కేసు వెడల్పయ్యే చోటును, మరీ వెనక్కి నొక్కేస్తే, తర్వాతి పేలుడులో కేసు ముందు భాగం గోడకు అతుక్కుని ఆగిపోతుంది, అడుగు మాత్రం బోల్టు దాకా వెనక్కి జరుగుతుంది. సాగేది ఆ రెంటి మధ్య ఉన్న కేసు గోడ. పేల్చిన ప్రతిసారీ అక్కడ లోపలివైపు లోహం కొంచెం కొంచెం పల్చనై, ఒకనాడు కేసు రెండు ముక్కలై ముందు ముక్క చాంబర్‌లోనే ఉండిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు భుజాన్ని మిల్లీమీటరులో పదో వంతుకు మించి వెనక్కి పోనివ్వరు. కేసును మళ్లీ నింపేముందు, కొస వంచిన సన్నటి ఇనుప తీగను లోపలికి దించి గోడ వెంట పైకి లాగి చూస్తారు. అడుగుకు దగ్గర్లో తీగ గాడిలో పడినట్టు తట్టిందంటే ఆ కేసు తుక్కులోకే.