‘బయాప్సీ’ – పదార్థ విచారము

గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగమున, సిరొంచ మొదలు ముల్చేర వరకు, తెలుగు, మరాఠీ, గోండీ భాషలు ఒకే సంతలో వినవచ్చును. వైద్యుని చీటి మాత్రము ఇంగ్లీషున నుండును. ఆ చీటిలో ‘బయాప్సీ’ యను మాట చూచినంతనే రోగికి గుండె జారును. మాట యెరుగనిచో భయము రెట్టింపగును గదా!

ఈ పదము ప్రాచీనము గాదు. 1879లో ఎర్నెస్టు బెస్నియే యను ఫ్రెంచి చర్మవైద్యుడు దీనిని వ్యాప్తిలోనికి తెచ్చెను. గ్రీకున ‘బియోస్’ అనగా జీవము; ‘ఆప్సిస్’ అనగా చూపు. అంతకు ముందే ‘ఆటాప్సీ’ కలదు. తన కన్నులతో తాను చూచుట యని దాని తొలి యర్థము. పిమ్మట శవపరీక్షకు రూఢియైనది. శవమునకు ఆటాప్సీ యెట్టిదో, జీవించియున్నవాని శరీరభాగమునకు బయాప్సీ యట్టిది. మృత్యువును గాక జీవమునే తెలుపు మాట యిది. విశేషమేమనగా, ‘బియోస్’, సంస్కృత ‘జీవ’ శబ్దము ఏకమూలజములు. ‘ఆప్సిస్’ నందలి ధాతువు ‘అక్షి’కి జ్ఞాతి. పరదేశపు మాటలో మన జీవము, మన అక్షి దాగియున్నవి.

పరీక్షింపబడు ‘టిష్యూ’ సంగతియు నిట్టిదే. ఫ్రెంచిలో దానికి నేసినదని యర్థము. మరాఠీవారి ‘ఊతీ’ సంస్కృతమున నేతను తెలుపు పదము. మన ‘కణజాలము’లోని జాలము వల. పొరుగువారును మనమును దారపుపోగులనే తలచితిమి! ‘కణజాల పరీక్ష’ గ్రంథములకు తగును. జనులు ‘ముక్క పరీక్ష’ యందురు. అది మొరటైనను స్పష్టమైన మాట.

ముక్క తరచుగా బియ్యపుగింజంతయే. సూదితోనో కత్తితోనో దానిని తీసి ఫార్మలిన్‌లో నుంచుదురు. పిమ్మట మైనములో పొదిగి, కొద్ది మైక్రాన్ల మందమున పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినితో చూతురు. కాన్సరుకే గాక క్షయకు, కుష్ఠునకు, మూత్రపిండ వ్యాధులకును ఈ పరీక్ష చేయుదురు. కావున చీటిలో ఆ మాట యున్నంత మాత్రమున కాన్సరని తలపరాదు.

ఈ ప్రాంతమున పొగాకు, వక్క కలిపిన ఖర్రా నమలుట విస్తారము. నోట మూడు వారములైనను మానని పుండు, తెల్లని మచ్చ యున్నను, ‘ముక్క కోసిన రోగము పాకును’ అని కొందరు వెనుదీయుదురు. అట్లు పాకుట మిక్కిలి అరుదు. నెలలు జరుపుటచే పుండు లోతునకు దిగుటయు, చికిత్స కఠినమగుటయు మాత్రము అరుదు గాదు.