బల్లలకు తేనెమైనం

వార్షికోత్సవం రేపనగా మేము స్టడీ హాలు బల్లలకు కొబ్బరినూనె రాసేవాళ్ళం. ఆ పూటకు తళతళలాడేవి. వారం తిరక్కుండానే దుమ్ము పట్టి జిడ్డుగా తయారయ్యేవి, నోటు పుస్తకాలకు నూనె మరకలు అంటేవి. మా పొరపాటు ఏమిటో పీజీలో చేరాకగానీ తెలిసిరాలేదు. తమ్ముళ్ళు మళ్ళీ అదే చేయకూడదని ఈ నాలుగు మాటలు.

చెట్టు నుంచి వేరైనా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయేది అందుకే. మైనం నీటిని అంటనివ్వదు కనుక ఈ తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. ఇక నూనె సంగతి. కొబ్బరినూనె ఎన్నాళ్ళున్నా ఆరదు. అవిసె నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

తేనెమైనం 100 గ్రాములు, 'డబుల్ బాయిల్డ్' అవిసె నూనె 300 గ్రాములు తీసుకోవాలి. మైనం 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నేరుగా మంట మీద పెట్టకూడదు. మరిగే నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె ఉంచి కరిగిస్తే వేడి 100 డిగ్రీలు దాటదు. అందులో నూనె కలిపి చల్లారనిస్తే మెత్తటి ముద్ద అవుతుంది.

బల్లను శుభ్రంగా తుడిచి, ఆరాక, చెక్క గీతల వెంబడి సాండ్‌పేపర్‌తో రుద్దాలి. పాత వార్నిష్ ఉంటే అది పోయేదాకా రుద్దాలి, లేకపోతే మైనం లోపలికి ఇంకదు. గుడ్డతో పలుచగా రాసి, అరగంటాగి మిగిలినది తుడిచేయాలి. రెండు మూడు రోజులు ఆరాక పొడిగుడ్డతో మెరుగు పెట్టాలి. మందంగా రాస్తే మళ్ళీ జిడ్డే మిగులుతుంది.

ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. అవిసె నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని, అగ్గిపుల్ల గీయకుండానే మంట రేగవచ్చు. పిల్లలు నిద్రపోయే చోట ఇది చిన్న విషయం కాదు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

మైనం చెదలను ఆపలేదు. వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది. ఏడాదికోసారి మళ్ళీ రాయాలి.

మా ఇళ్ళలో చదువుకునే బల్ల ఉండేది కాదు. మేము మొదటిసారి బల్ల మీద పుస్తకం పెట్టి చదివింది ఇక్కడే. అందుకే ఈసారి అతిథుల కోసం ముందురోజు హడావిడి వద్దు. వేసవి సెలవులకు ముందే రాసి ఆరనిద్దాం. జూన్‌లో కొత్తగా చేరే తమ్ముడి నోటు పుస్తకానికి మరక అంటకుండా ఉంటే చాలు.