కానాగుర్త పేరు, కరోనా పాఠం

మనం కానాగంత అని పిలిచే చేపకి శాస్త్రంలో పేరు ‘రాస్ట్రెల్లిజర్ కానాగుర్తా’. లాటిన్ పేర్ల మధ్యకి తెలుగు మాట ఎలా వచ్చింది? పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. చాలా చేపలకి అక్కడివాళ్ళు పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ పేరునే నిలిపాడు. ఒడ్డున ఉన్నవాళ్ళని అడిగితేనే సముద్రశాస్త్రం నడుస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

జాలరులు, చేపలమ్మే ఆడవాళ్ళు, పడవల యజమానులు, అధికారులు – పరిశోధన ఫలితంతో బతుకు ముడిపడిన వీళ్ళందరినీ ‘స్టేక్‌హోల్డర్లు’ అంటారు. మనం భాగస్వాములు అనుకుందాం. వీళ్ళతో మాట తెగితే ఏమవుతుందో 2020లో తెలిసింది.

ఆ ఏడాది మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 10న చేపలవేటకి మినహాయింపు ఇచ్చారు. తూర్పు తీరంలో 15 నుంచి ఏటా ఉండే వేట నిషేధం మొదలైంది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అంచనా ప్రకారం దేశంలో సముద్రపు చేపల దిగుబడి 2019లో సుమారు 35.6 లక్షల టన్నులు, 2020లో 27.3 లక్షల టన్నులు.

మరి సముద్రంలో చేపలు తగ్గాయా? ఈ అంకెలు మాత్రమే చూసి చెప్పలేం. పది రోజులు వేటాడి పది గంపలు తేవడం, రెండు రోజుల్లోనే పది గంపలు తేవడం ఒకటి కాదు కదా! ఎన్ని పడవలు, ఎన్ని రోజులు, ఏ వలతో వెళ్ళాయో కూడా తెలియాలి. అది రేవులో నిలబడి అడగాల్సిన సంగతి.

రేవుకి వెళ్ళే దారి లేనప్పుడు ఫోన్లు, జూమ్ సమావేశాలే దిక్కు. ఖర్చు తగ్గుతుంది, దూరాన ఉన్నవాళ్ళూ కలుస్తారు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చాలాసార్లు మగవాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఏ చేప ఎంతకి పోయింది, ఏది ఎదక్కుండానే వలలో పడుతోంది అన్నది రోజూ గంప ఎత్తే ఆడవాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళ మాట లెక్కలోకి రాకపోతే ఆ మేరకు పరిశోధనా తప్పుతుంది, సాయం కూడా వాళ్ళదాకా రాదు. పైగా ముఖం తెలియనివాడు ఫోన్‌లో వల కన్ను సైజు అడిగితే, కొత్త నిషేధం ఏదైనా తెస్తారేమోనని భయపడి ఎవరూ నిజం చెప్పరు.

భాష ఇంకో అడ్డు. మన గోపాల్‌పూర్, పూరీ తీరాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఫారం పంపితే అక్కడి ముసలమ్మ ఏం నింపుతుంది?

అందుకే ఆ పరిచయం మామూలు రోజుల్లోనే కుదరాలి. ఊళ్ళో చదువుకున్న పిల్లలకి లెక్క రాయడం నేర్పిస్తే, బయటివాళ్ళు రాలేని రోజుల్లో కూడా లెక్క ఆగదు. తీసుకున్న వివరాలతో ఏం తేలిందో మళ్ళీ వెళ్ళి వాళ్ళ భాషలో చెప్తే నమ్మకం నిలుస్తుంది.

తీరం ఊళ్ళ నుంచి వచ్చే అమ్మాయిలు మన క్లాసుల్లోనూ ఉన్నారు. ఇంట్లో అమ్మనీ అమ్మమ్మనీ అడిగి పది చేపల పేర్లు, అవి దొరికే నెలలు రాసుకురండి. వచ్చే సంచికలో ఇక్కడే అతికిద్దాం.