తక్కువ ధర టీవీ: కోత ఎక్కడ పడింది?

పది పన్నెండు వేలకు 32 అంగుళాల స్మార్ట్ టీవీ, పాతిక వేల లోపు 43 అంగుళాల 4కె టీవీ. దసరా, దీపావళి ఆఫర్లలో ఈ ధరలు చూడగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ మొదలవుతుంది. పేరున్న కంపెనీ టీవీ ధర అంత ఎక్కువ ఉంటే ఇది ఇంత చవగ్గా ఎలా వస్తోంది? కొంటే నాలుగేళ్లయినా నిలుస్తుందా? అడగాల్సిన ప్రశ్నలే ఇవి. ధర తగ్గిందంటే తయారీలో ఎక్కడో ఒకచోట కోత పడి ఉంటుంది. ఆ కోత ఎక్కడ పడిందో, మన ఇంట్లో మన వాడకానికి అది తగులుతుందో లేదో చూసుకోవాలి. కొందరికి ఎన్నేళ్లయినా తెలియదు, అలాంటివాళ్లు పైన ఇంకో పదివేలు పెట్టడం దండగ. కొందరికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ముందు పేరు సంగతి. చిన్న బ్రాండు అనగానే ఏదో షెడ్డులో బిగించిన సరుకనుకుంటాం. నిజానికి మన దగ్గర అమ్ముడయ్యే టీవీల్లో చాలావాటిని బ్రాండు కంపెనీలు సొంతంగా తయారుచేయవు. హైదరాబాద్‌లోని రేడియంట్, తిరుపతిలో ప్లాంటు ఉన్న డిక్సన్ లాంటి సంస్థలు ఇతర బ్రాండ్ల కోసం టీవీలు తయారుచేసి ఇస్తాయి. కొడాక్, థామ్సన్ పేర్లతో వచ్చే టీవీలను కూడా ఆ పేర్లు వాడుకునే లైసెన్సు తీసుకున్న ఒక భారతీయ సంస్థే తయారుచేస్తోంది. టీవీ ఖర్చులో సింహభాగం తెరదే. ఆ తెరలు ఎక్కువగా చైనాలోని కొన్ని ఫ్యాక్టరీల నుంచే వస్తాయి. కాబట్టి పెట్టె మీది పేరు కన్నా ఆ కంపెనీ ఏ రకం తెర ఎంచుకుంది, వెనక ఎలాంటి లైట్లు పెట్టింది, చెడిపోతే ఎవరిని పంపుతుంది అన్నవే అసలు విషయాలు.

ఇక ఆ కోతల్లో మొదటిది వెలుగు. ఈ టీవీల తెరకు సొంత వెలుగు ఉండదు. దాని వెనక రేకు మీద వరసగా అంటించిన ఎల్‌ఈడీ స్ట్రిప్పులే వెలుగునిస్తాయి. చవక టీవీలో స్ట్రిప్పులు తక్కువ పెడతారు, ఉన్నవాటికే కరెంటు ఎక్కువ ఇస్తారు. దాంతో అవి బాగా వేడెక్కుతాయి. రెండు మూడేళ్లకు ఒకరోజు శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు. అప్పుడు గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా పట్టి చూడండి. లోపల బొమ్మ మసకమసకగా కదులుతూ కనిపిస్తే తెర, బోర్డు బాగానే ఉన్నట్టు, పోయింది బ్యాక్‌లైటే. స్ట్రిప్పులోని బల్బులు ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి కనుక ఒక్కటి పోయినా తెరంతా చీకటైపోవచ్చు. ఊళ్లోని మెకానిక్ కూడా కొత్త స్ట్రిప్పులు వేసి బాగుచేయగలిగిన లోపమిది, టీవీ పారేయనక్కర్లేదు. కొన్న రోజునే సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్‌ను వంద నుంచి అరవై, డెబ్భైకి తగ్గించుకుంటే వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. మామూలు హాల్లో ఆ వెలుగు సరిపోతుంది.

డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంటుంది. హెచ్‌డీఆర్‌లో తీసిన సినిమాలో సూర్యుడూ దీపాలూ కళ్లు చెదిరేలా వెలగాలంటే తెరకు చాలా వెలుగు కావాలి. ఆ వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. అలాంటి సినిమాలను చాలావరకు వెయ్యి నిట్స్‌ను లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు. చవక టీవీ ఇచ్చేది రెండు వందలు, మహా అయితే మూడు వందలు. కాబట్టి ఆ ముద్రకు అర్థం టీవీ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందనే, ఆ వెలుగు చూపిస్తుందని కాదు. ఆ మాట చూసి అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి. క్యూఎల్‌ఈడీ అన్న ముద్ర కొంత నయం. రంగులు నిజంగానే మెరుగవుతాయి, అయితే అంతమాత్రాన వెలుగు పెరగదు.

ఈ టీవీల తెరల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. వీఏ తెరలో నలుపు నల్లగా ఉంటుంది, రాత్రి దృశ్యాలు బాగుంటాయి. కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ తెరను ఏ మూల నుంచి చూసినా ఒకలాగే ఉంటుంది, నలుపు మాత్రం బూడిద రంగులోకి తిరుగుతుంది. ఒకరిద్దరు ఎదురుగా కూర్చుని చూసే ఇంటికి వీఏ మంచిది. మన ఇళ్లు చాలావరకు అలా ఉండవు. తాతగారు మూలన మంచం మీద, పిల్లలు కింద చాప మీద, అమ్మ వంటింటి గడపలో నిలబడి సీరియల్ చూసే హాలుకు ఐపీఎస్ నప్పుతుంది. ఏది ఏ తెరో డబ్బా మీద చాలాసార్లు రాయరు. షాపులో టీవీ ముందు నుంచి నాలుగడుగులు పక్కకు జరిగి, తర్వాత వంగి కింద నుంచి చూస్తే మీకే తెలుస్తుంది.

4కె కావాలా అన్నది చాలామందిని తికమక పెట్టే సంగతి. హెచ్‌డీ రెడీ తెరలో సుమారు పది లక్షల చుక్కలుంటాయి, ఫుల్ హెచ్‌డీలో ఇరవై లక్షలు, 4కెలో ఎనభై మూడు లక్షలు. అన్ని చుక్కలూ కంటికి ఆనవు. మంచి చూపున్న మనిషి ఆరడుగులు దాటి కూర్చుంటే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరలో చుక్కలు విడివిడిగా కనిపించవు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకీ దాదాపు అదే దూరం. మన హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య ఎనిమిది అడుగులుంటే, 43 అంగుళాల్లో 4కె వల్ల బొమ్మ స్పష్టత పెరిగినట్టు తెలియదు. అయినా ఆ సైజులో 4కె వైపే మొగ్గమంటాను. దానికి కారణం చుక్కలు కాదు. 4కె మోడళ్లలో సాధారణంగా రెండు జీబీల ర్యామ్, మెరుగైన చిప్ పెడతారు.

అంతకన్నా పెద్ద సంగతి, ఆ తెర మీద మీరు వేసే సరుకు. ఇంట్లో కేబులో డిష్షో ఉండి, హెచ్‌డీ ప్యాక్ తీసుకోకపోతే వచ్చే చానళ్లు చాలావరకు ఎస్‌డీవే, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ చుక్కలవి. అంత తక్కువ చుక్కల బొమ్మను పెద్ద 4కె తెర మీదికి సాగదీయడం గ్లాసు పాలలో బిందెడు నీళ్లు పోయడం లాంటిది. మంచి చిప్ ఉన్న ఖరీదైన టీవీ ఈ సాగదీతను కాస్త ఒడుపుగా చేస్తుంది, చవక టీవీ చేయలేదు. కొత్త టీవీ కొన్నాక బొమ్మ పాతదాని కన్నా మసకగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. కేబులే ప్రధానమైన ఇంటికి 32 అంగుళాలే హాయి. వైఫై ఉండి యూట్యూబ్, ఆహా, నెట్‌ఫ్లిక్స్ చూసే ఇంటికి పెద్ద తెర పనికొస్తుంది.

పన్ను లెక్క కూడా ఈమధ్య మారింది. అంతకుముందు 32 అంగుళాలు దాటిన టీవీ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అదీ 18 శాతమే. పెద్ద తెర వైపు మనసున్నవాళ్లను ఇప్పుడు పన్ను వెనక్కి లాగదు.

స్మార్ట్ అన్న మాట దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. బాగా చవక టీవీల్లో కొన్ని గూగుల్ అనుమతి లేని ఆండ్రాయిడ్‌తో వస్తాయి. రిమోట్‌లో బటన్లు, తెర మీద గుర్తులు అన్నీ ఉంటాయి, కానీ కొన్ని యాప్‌లు ఎక్కవు. ఎక్కినా బొమ్మ తక్కువ నాణ్యతతోనే ఆడుతుంది. గూగుల్ టీవీ, ఫైర్ టీవీ, వెబ్‌ఓఎస్, టైజెన్ వీటిలో ఏదో ఒకటి అని స్పష్టంగా రాసి ఉంటే ఆ బెంగ లేదు. ఒక్క జీబీ ర్యామ్ ఉన్న టీవీ రెండేళ్లకు నత్తనడక నడుస్తుంది, బటన్ నొక్కాక తెర మారడానికి ఎదురుచూడాలి. అలా మందగిస్తే నాలుగైదు వేలకు దొరికే స్ట్రీమింగ్ స్టిక్‌ను హెచ్‌డీఎంఐలో పెట్టుకుంటే టీవీ మళ్లీ చురుగ్గా పనిచేస్తుంది. తెరను మాత్రం అలా మార్చుకోలేం. బడ్జెట్ ఎటూ చాలనప్పుడు మంచి తెరకే ఓటు వేయాలి. ఇంట్లో ఉన్న పాత ఎల్‌ఈడీ టీవీ బొమ్మ బాగుండి, స్మార్ట్ కాకపోవడమే లోటైతే కొత్తది కొనే అవసరమే లేదు. స్టిక్ ఒక్కటి చాలు.

శబ్దంలో కోత దాదాపు అందరూ వేస్తారు. తెర పలచబడేకొద్దీ స్పీకర్లకు చోటు లేకుండా పోయింది. మాటలు సరిగా వినపడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే సౌండ్‌బార్‌కు ముందే రెండు మూడు వేలు పక్కన పెట్టుకోవాలి.

కరెంటు, పిడుగులు ఇంకో విషయం. ఓల్టేజీ ఎక్కువతక్కువలయ్యే ఊళ్లలో స్టెబిలైజర్ ఉండాల్సిందే. తొలకరి ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకే అలవాటు మనవాళ్లకు ఉంది, కేబుల్ వైరు పీకే అలవాటు తక్కువ. పిడుగుపాటు ఆ వైరు వెంట సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా టీవీ బోర్డులోకి రాగలదు. రెండూ పీకాలి. ఇలా పోయినవాటికీ, పగిలిన తెరకూ వారంటీ సాధారణంగా వర్తించదు.

చివరికి చవక టీవీ ఎవరికి? రెండో గదికి, అద్దె గదిలో ఉండే కుర్రాళ్లకు, కేబుల్ చూసే పెద్దవాళ్లకు నిశ్చింతగా కొనొచ్చు. రోజూ రాత్రి దీపాలార్పి సినిమా చూసేవాళ్లు, ఎండ పడే హాలున్నవాళ్లు, పిల్లలు గేములాడే ఇళ్లవాళ్లు ఆర్నెల్లు ఆగి ఇంకొంత కూడబెట్టుకోవడం మేలు. వాళ్లకు వెలుగు, నలుపు, వేగం మూడూ కావాలి, కోత పడేది సరిగ్గా ఆ మూడింటి మీదే.

కొనాలని తేల్చుకున్నాక, డబ్బు కట్టే ముందు ఆ కంపెనీ సర్వీసు నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి. మీ పిన్‌కోడ్ చెప్పి, మెకానిక్ ఇంటికి వస్తాడా, లేక టీవీని మోసుకుని జిల్లా కేంద్రానికి వెళ్లాలా అని అడగండి. వారంటీ అయిపోయాక తెర మార్చాలంటే ఎంతవుతుందో కూడా అడగండి. చాలాసార్లు అది కొత్త టీవీ ధరకు దగ్గర్లో ఉంటుంది. షాపులో కొంటుంటే పెన్‌డ్రైవ్‌లో ఒక రాత్రి దృశ్యం, ఒక క్రికెట్ ముక్క పట్టుకెళ్లి వేయించుకుని చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, తెర వెలిగించి చూశాకే డెలివరీ ఓటీపీ చెప్పండి. టీవీ వెనక బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అది నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. అమ్మినవాడు మాట తప్పితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. అప్పుడు బిల్లూ వీడియో రెండూ చేతిలో ఉండాలి.