మెడ వాపు: ఆలస్యం చేయకూడని రోగం



దవడ కింద వాపు కనిపిస్తే మన మండపేట చుట్టుపక్కల ముందుగా వచ్చే మాట గవదబిళ్ళలు. పట్టు వేసి రెండు రోజులు చూద్దామంటారు. చాలా వాపులకు ప్రమాదం లేదు. కానీ మెడ లోపలి పొరల్లో చీము పట్టే వాపు ఆ రెండు రోజుల గడువు ఇవ్వదు.

పెద్దవారిలో ఇది ఎక్కువగా పిప్పి పన్నుతో, ముఖ్యంగా కింది దవడ చివరి పళ్ళతో మొదలవుతుంది. పిల్లల్లో గొంతు, టాన్సిల్స్ నుండి వస్తుంది. షుగర్ ఉన్నవారిలో త్వరగా ముదురుతుంది. నాలుక కింద రెండు వైపులా పాకే రకాన్ని 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వివరించాడు. యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో సగానికి పైగా రోగులు చనిపోయేవారు. నేడు సకాలంలో వైద్యం అందితే ఎక్కువమంది బ్రతుకుతున్నారు.

గుర్తులు ఇవి: జ్వరం, గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, నాలుక పైకి లేవడం, మింగలేక చొంగ కారడం, మాట ముద్దగా రావడం, పడుకుంటే ఊపిరాడకపోవడం. పిల్లలైతే మెడ తిప్పనివ్వరు.

ఆసుపత్రిలో డాక్టర్లు మొదట చూసేది ఊపిరి. అవసరమైతే గొట్టం వేస్తారు, లేదా మెడ ముందు రంధ్రం చేసి శ్వాస అందిస్తారు. ఆ రంధ్రం చూసి భయపడి వద్దనకండి. చాలామందికి తరువాత అది మూసుకుపోతుంది. చీము ఎక్కడ ఉందో, ఛాతీలోకి దిగిందో లేదో సీటీ స్కాన్ చెబుతుంది. నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు, చీము తీస్తారు, కారణమైన పన్ను పీకేస్తారు, షుగర్‌ను అదుపులో పెడతారు. స్కాన్, ఈఎన్‌టీ సర్జన్, మత్తు డాక్టర్ ఒకేచోట ఉండాలి గనుక రాజమండ్రికో కాకినాడకో వెళ్ళాల్సి రావచ్చు. ఆ ప్రయాణమే ఆలస్యం. ఇంటి దగ్గర ఇంకో ఆలస్యం చేర్చకూడదు.

ఊపిరి కష్టమైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకండి, కూర్చోనివ్వండి. మిగిలిపోయిన మాత్రలు వేసి నొప్పి తగ్గిందని ఆగకండి.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. అంబులెన్స్‌లో చేద్దాం, ఆపరేషన్ గది బయట చేద్దాం. ప్రార్థన ముగిసేవరకు రోగిని ఇంట్లో ఉంచడం మాత్రం విశ్వాసం కాదు. పన్ను నొప్పి అంటున్న పెద్దలను ఈ వారమే పళ్ళ డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్ళండి.