తాకకుండానే బ్రేక్: గిరగిరా తిరిగే శాటిలైట్‌ని మాగ్నెట్ ఎలా ఆపుతుంది?

పాత కరెంట్ మీటర్ గుర్తుందా? గాజు వెనకాల ఒక అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. ఇంట్లో ఫ్యాన్లన్నీ వేస్తే స్పీడ్, ఆపేస్తే స్లో. చిన్నప్పుడు నేను దాన్నే చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ చక్రం అదుపు తప్పకుండా బ్రేక్ వేసేది ఒక మాగ్నెట్. దాన్ని తాకదు కూడా!

కానీ అల్యూమినియం మాగ్నెట్‌కి అంటుకోదు కదా? కరెక్టే. అసలు మజా అక్కడే ఉంది. మాగ్నెట్ దగ్గర లోహం కదిలితే, దాని లోపల నీళ్లలో సుడుల్లాగా కరెంట్ పుడుతుంది. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. ఆ కరెంట్ తనని పుట్టించిన కదలికకే అడ్డం పడుతుంది. తిరిగే శక్తి కాస్తా వేడిగా మారిపోతుంది.

ఇప్పుడు అంతరిక్షానికి వెళ్దాం. ఎన్విశాట్ అని యూరప్ వాళ్ల శాటిలైట్. 2002లో పంపారు, బరువు దాదాపు 8 టన్నులు. 2012 ఏప్రిల్‌లో సిగ్నల్ ఆగిపోయింది. అప్పట్నుంచి సుమారు 770 కిలోమీటర్ల ఎత్తులో దిక్కులేకుండా తిరుగుతోంది. దేన్నైనా గుద్దితే ముక్కలు చెల్లాచెదురై మిగతా శాటిలైట్లకీ ప్రమాదమే. సరే, పట్టుకుని కిందికి దించుదామంటే అది తన చుట్టూ తాను కూడా తిరుగుతోంది. తిరిగే ఫ్యాన్‌లో చెయ్యి పెడతామా?

2013లో భూమి మీద నుంచి లేజర్‌తో కొలిస్తే, ఒక చుట్టుకి దాదాపు 135 సెకన్లు పట్టింది. ఆ స్పీడ్ కూడా మెల్లమెల్లగా తగ్గుతోందని తేలింది. భూమి కూడా ఒక పెద్ద మాగ్నెట్టేగా, మీటర్‌లో జరిగిందే అక్కడా! కాకపోతే భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలహీనం, అందుకే ఏళ్లు పడుతుంది.

అందుకే ఇంజనీర్ల ఐడియా ఏంటంటే, బలమైన విద్యుదయస్కాంతం ఉన్న ఇంకో నౌకని దగ్గరికి పంపి, ముందు తిరుగుడు తగ్గించి, తర్వాత రోబో చేత్తో పట్టుకోవడం.

చిక్కులూ ఉన్నాయి. దూరం రెట్టింపైతే అయస్కాంత బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. బ్రేక్ వేసే నౌక కూడా ఎదురు తోపుకి తిరిగిపోకుండా తనని తాను నిలబెట్టుకోవాలి. పైగా స్పీడ్ తగ్గేకొద్దీ బ్రేకూ తగ్గుతుంది. అంటే మాగ్నెట్ పట్టుకోదు ఫ్రెండ్స్, పట్టుకునేలా చేస్తుంది. అంతే!